పాత రైలుస్టేషను ఎవరిది?

చర్లవాసి రైలెక్కవలెనన్న ముందుగా రైలును వెదకికొనుచు పోవలెను. గోదావరికి ఎడమగట్టున, తాలిపేరు జలాశయమునకు చేరువను, అడవి యంచున నున్న యీ యూరికి ఇనుపదారి యెన్నడును రాలేదు. రమారమి 60 కిలోమీటర్లు దిగువకు వచ్చి భద్రాచలము చేరి, 1965లో ప్రారంభమైన వంతెనమీద గోదావరి దాటి, సారపాక, పాల్వంచల మీదుగా మరి 40 కిలోమీటర్లు పోయినచో కొత్తగూడెము వచ్చును. అచ్చట రైలుస్టేషను కలదు. కాని దాని పలకమీద కొత్తగూడెమను పేరుండదు. భద్రాచలం రోడ్ అని యుండును. దూరదేశమునుండి రామదర్శనార్థమై వచ్చి తెల్లవారుజామున నిచట దిగిన ముసలమ్మ “గుడి యెటు నాయనా?” యని యడుగును. “ఇంకను బస్సెక్కవలెను తల్లీ” యని చెప్పుట యీ ప్రాంతమువారి కలవాటైన పని.

ఈ పేరుననే మన రైలుచరిత్ర యంతయు దాగియున్నది. భద్రాద్రిరామునకు రామదాసు గుడి కట్టించినది 17వ శతాబ్దమున. రాముడు రెండు వందల యేండ్లకు పైగా గోదావరి యొడ్డుననే కూర్చుండి యుండెను గాని, ఆయన భక్తులకొరకు ఒక్క పట్టాయైనను ఎవ్వరును పరువలేదు. 1871లో విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనిపెట్టినంతనే కథ మారినది. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులు సంపాదించెను. 1888లో డోర్నకలునుండి సింగరేణికి రైలుకొమ్మ పడెను. 1889లో బొగ్గు త్రవ్వుట మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. 1927లో కారేపల్లినుండి కొత్తగూడెమునకు దారి సాగెను. దారి బొగ్గుకొరకు వచ్చెను. పేరు రామునిది పెట్టిరి. ఇందులో తప్పేమున్నదని యడుగవచ్చును. తప్పు పేరు పెట్టుటయందు లేదు. పేరు జ్ఞాపకముండి, పని మరపునకు వచ్చుటయందున్నది. బండి దిగినవాడు రాముని తలచుకొనును; ఆ దారి వేసిన కూలిని, ఆ బొగ్గు మోసిన గనివానిని, తన నేలమీదుగా దారిపోయిన కోయవానిని తలచుకొనువాడు లేడు.

ఈ మాట ఇప్పుడే యేల యనవలసి వచ్చినది? రెండు కారణములున్నవి. 2023లో కేంద్రప్రభుత్వము అమృత భారత పథకముక్రింద పునర్నిర్మింప దలపెట్టిన స్టేషనులలో భద్రాచలం రోడ్ ఒకటి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము మల్కనగిరినుండి భద్రాచలము మీదుగా పాండురంగాపురమునకు 173 కిలోమీటర్లకు పైబడిన క్రొత్త దారిని ఆమోదించినది. ఆ దారి పూర్తియైననాడు రైలు నిజముగా భద్రాచలము చేరును. అప్పుడు కొత్తగూడెములోని ‘భద్రాచలం రోడ్’ అను పేరునకు అర్థము సడలును. ఒకవైపు పాతదానిని క్రొత్తగా కట్టుట, మరియొకవైపు క్రొత్తది వచ్చి పాతదానిపేరును వెలితి చేయుట. ఇట్టి సంధికాలమున పాత స్టేషను ఏమి కావలెనను ప్రశ్నను మనము వేసికొననిచో, మన పక్షమున కాంట్రాక్టరు సమాధానము చెప్పును.

ఈ విషయమున మన దేశమున రెండు తెగలవారు వాదించుచున్నారు. ఇరువురును తప్పుచున్నారని నా యభిప్రాయము.

మొదటి తెగవారు పడగొట్టువారు. వారి మాట: “పాత స్టేషను ఇరుకు, మురికి. ప్రయాణికుడు పెరిగెను, పాతగోడ పెరుగదు. కావున కూల్చి అద్దాలమేడ కట్టవలెను.” 1874లో వాడినుండి మొదటి రైలు వచ్చిన సికింద్రాబాదు స్టేషనుయొక్క పాత ముఖభాగము ఈ వాదముతోడనే 2025లో నేలమట్టమైనది. తరతరములు “ఆ కమానులక్రింద కలిసికొందము” అని చెప్పుకొనిన గురుతు పోయినది. స్థలము చాలలేదనుట నిజమే. కాని స్థలము చాలనప్పుడు మొట్టమొదట ముఖమునే కోసివేయవలెనా? బొంబాయిలో 1888లో పూర్తియైన పెద్దస్టేషను నేటికిని దినదినము లక్షలమందిని మోయుచున్నది. 2004లో ప్రపంచవారసత్వపు జాబితాకెక్కినది. ఎక్కినందువలన నొక్క బండియు ఆగలేదు. 1856లో దక్షిణదేశపు మొదటి రైలు బయలుదేరిన మద్రాసులోని రాయపురము స్టేషను భవనము ఈనాటికిని నిలిచియున్నది. దానిప్రక్కనుండి నగరపు బండ్లు నడచుచునే యున్నవి. 1916లో మీర్ ఉస్మాన్ అలీఖాను కాలమున గట్టిన కాచిగూడ స్టేషను తన గుమ్మటములను నిలుపుకొనియే నేటి ప్రయాణికులకు పనికివచ్చుచున్నది. లోపల నైజాము రైల్వే చరిత్రను చూపు నొక ప్రదర్శనశాలయు గలదు. పాతదానిని నిలిపి క్రొత్తదానిని దాని వెనుకనో ప్రక్కనో కట్టుట సాధ్యమని యీ మూడు స్టేషనులే సాక్ష్యము చెప్పుచుండగా, పడగొట్టనిదే ప్రగతి లేదనుట సోమరితనము.

న్యూయార్కు నగరమువారు ఈ సోమరితనమునకు మూల్యము చెల్లించిరి. అచ్చటి పెన్సిల్వేనియా స్టేషను అను రాతిభవనమును 1963లో పడగొట్టనారంభించిరి. పడిన పిమ్మట గాని నగరవాసులకు దుఃఖము రాలేదు. 1965లో పాతకట్టడముల రక్షణకు శాసనము చేసికొనిరి. దానివలననే తర్వాత గ్రాండు సెంట్రలు స్టేషను నిలిచెను. ఒకటి పోయినగాని మరియొకటి దక్కలేదు. మనకు సికింద్రాబాదు పోయినది. ఆ నష్టమునుండి మనమేమి నేర్చుకొంటిమి?

రెండవ తెగవారు సొగసు చేయువారు. వీరు చరిత్రప్రియులమని చెప్పుకొందురు. పాతగోడకు సున్నము కొట్టింతురు. ముందర నొక పాత ఇంజనును నిలుపుదురు. రాత్రి రంగుదీపములు వెలిగింతురు. నైజాము వైభవమునకో, తెల్లదొరల దీక్షకో నమస్కరింతురు. పుణ్యక్షేత్రమైనచో స్టేషనుకు గోపురముల ముసుగు తొడిగింతురు. ఆ వైభవమెట్టిదో వారు చెప్పరు. మనము చెప్పుకొందము.

1883లో నైజాము రైలు లండనులో బుట్టిన కంపెనీచేతికి పోయినది. ఆ కంపెనీ మూలధనముపై నూటికి 5 చొప్పున 20 ఏండ్లు వడ్డీ తప్పక ముట్టునని నైజాము ప్రభుత్వము పూచీపడినది. బండి నడచినను నడవకున్నను లండనులోని వాటాదారునకు వడ్డీ ముట్టవలెను. ఆ లోటు పూడ్చునది తెలంగాణా, మరాఠవాడ రైతుల శిస్తు. ఈ చాందా రైలు పథకమును లెక్కలతో సహా బహిరంగముగా జర్చింపవలెనని హైదరాబాదులో కొందరు విద్యావంతులు పట్టుబట్టిరి. వారిలో నిజాము కళాశాలతో సంబంధముగల అఘోరనాథ చట్టోపాధ్యాయులుగారు ప్రముఖులు; సరోజినీదేవి తండ్రిగారు. చర్చ యడిగినందుకు ప్రభుత్వ మాయనను 1883లో రాజ్యమునుండి వెడలగొట్టినది. హైదరాబాదు సంస్థానమున ప్రజాభిప్రాయమను మాట మొట్టమొదట వినబడిన ఘట్టములలో నిది యొకటి. దానికి మూలము రైలు. ఆ కంపెనీనుండి రైలును ప్రభుత్వము తిరిగి కొనినది 1930లో. దీపాలంకారము చేసిన యే గోడమీదనైనను ఈ కథను చదివితిమా?

గోడలలోపలి కథ ఇంకను చేదు. ఆనాటి స్టేషనులో దొరలకు వేరుగది, పై తరగతివారికి వేరుగది, పరదాస్త్రీలకు వేరుగది. మూడవ తరగతివారికి నేల. దేశములోని స్టేషనులలో “హిందూ నీళ్లు”, “ముసల్మాను నీళ్లు” అని కేకలు వేసి వేరువేరు కుండలనుండి నీరు పోసిరి. ఆ రెండు కేకలలోను ఆదిమజాతివానికిగాని, అంటరానివాడని త్రోసివేయబడినవానికిగాని నిశ్చయమైన చోటు లేదు. మూడవ తరగతి బండిలోని బాధలనుగూర్చి గాంధీమహాత్ముడు 1917లో ప్రత్యేకముగా వ్రాయవలసి వచ్చినది. అయినను ఆ మూడవ తరగతి పెట్టెలోని చెక్కబల్లకు కులము తెలియదు. ఊరిలో ఎదురుపడిన తొలగి నడచిన యిరువురు పెట్టెలో మోచేయి మోచేయి తగిలి కూర్చుండవలసి వచ్చినది. ఒకే గూటిక్రింద బండి కలిపినది, కుండ విడదీసినది. ఈ రెండింటిని చూపనిచో పాత స్టేషనును చూపినట్లు గాదు. సున్నము కొట్టుట సులభము. నిజము వ్రాసిపెట్టుట కష్టము. మనము కోరవలసినది ఆ కష్టమైన పనియే.

మూడవదియు నొకటి యున్నది. అది వాదము గాదు, నిద్ర. కూల్చరు, సొగసు చేయరు. తాళము వేసి మరచిపోవుదురు. గోదావరిమీదనే దీనికి పెద్ద నిదర్శన మున్నది. రాజమహేంద్రవరముకడ 1900లో ప్రారంభమైన హావెలాకు వంతెన 1997లో బండ్లకు పనికిరాదని విడువబడినది. దానిని నడకదారిగా, విహారస్థలముగా చేయుదుమని చెప్పుచునే యేండ్లు గడచినవి. 2025లోగాని ఆ పనికి శంకుస్థాపన జరుగలేదు. ఇనుము నిలిచియున్నంతమాత్రమున రక్షణ యగునా? ఉపయోగము లేని కట్టడము మెల్లగా కూలుచునే యుండును. దానిపై మనుష్యుల ప్రేమ ఇంకను ముందుగా కూలును.

ఇక నా పక్షము చెప్పెదను. పాత స్టేషను దానిని వాడినవారిది. పట్టా వేసినవానిది, బొగ్గు నింపినవానిది, టిక్కెట్టు కొనినవానిది, రాత్రి నేలమీద పండుకొని బండికెదురుచూచినవానిది. వానికి ఆనాడు గది లేదు. కావున నేడు పాతభవనమున నొక గది వానికీయవలెను. నా కోరిక యంతకన్న పెద్దది గాదు: ఎక్కడ పాత స్టేషను మిగిలియున్నను, దానిలో నొక పెద్దగదిని ఉచిత పఠనాలయముగాను, ఆ దారియొక్క చరిత్రను భద్రపరచు చోటుగాను చేసి, ప్రజల కధీనము చేయవలెను. కొత్తగూడెములో పునర్నిర్మాణము జరుగునప్పుడు ఈ గది పటములోనే యుండవలెను. మిగిలిన స్థలములో తర్వాత చూతమనుట పనికిరాదు.

స్టేషనులో పుస్తకములేమిటని నవ్వువారికి మన చరిత్రయే సమాధానము. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. తెలుగువాడు తన భాషలో చదువుకొనుటకు చోటు లేని రాజ్యమున అది యొక దీపము. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలో పడవమీద గ్రంథాలయము నడపిరి. పడవప్రయాణికుడు రేవునుండి రేవునకు పోవులోపల పుస్తకము చదువుకొనెను. కదలు పడవను గ్రంథాలయము చేసిన జాతికి కదలని స్టేషనును గ్రంథాలయము చేయుట కష్టమా? మనుష్యుడు ఏ పనియు లేక గంటలకొలది వేచియుండు చోటు స్టేషనుకన్న మరియొకటి కలదా? పుస్తకము పాఠకునికొరకు వెదకుచున్నది. పాఠకుడు బండికొరకు చూచుచున్నాడు. ఇరువురిని కలుపుటకు నాలుగు బల్లలు, రెండు బీరువాలు, ఒక నమ్మకమైన ఉద్యోగి చాలును.

ఆ గదిలో చరిత్ర యెట్లుండవలెను? మన రైలు ప్రదర్శనశాలలలో తరచుగా రాజులు, ఇంజనీర్లు, ఇంజనులు కనబడుదురు. అట్టముక్క టిక్కెట్టు, చేతిలాంతరు, ఇత్తడిగంట, సంకేతపు జెండా, దస్తరములు తప్పక యుండవలసినవే. కాని వానితోపాటు పట్టాలవెంట సుత్తి పట్టుకొని నడచిన గ్యాంగుమనిషి మాట, గనిలోనుండి బొగ్గెత్తినవాని మాట, కూలికై వచ్చి స్థిరపడినవారి మాట, గూడెమువారి మాట ఉండవలెను. పలకలు ఇంగ్లీషులో మాత్రమే వ్రాసి, తెలుగును చిన్నయక్షరములకు దించుట ఆగవలెను. కోయభాషకును చోటుండవలెను, వారి పలుకు ఆ గదిలో వినబడనిచో ఆ చరిత్ర సగము మూగది. రైలు తినిన చెక్కదిమ్మలు అడవినుండి వచ్చినవే. మన్యపు టేకు గోదావరిమీద తెప్పలుగా రాజమహేంద్రవరమునకు తేలిపోయినది. మా చర్ల తాలూకా 1860లో నైజామునుండి ఇంగ్లీషువారికి, 1909లో మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానికి, 1959లో తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాకు చేతులు మారినది. ఇన్ని ప్రభుత్వములు మారినను అడవినుండి కలప దిగువకు పోవుటకు దారి దొరకినది గాని, అడవిమనిషి రైలెక్కుటకు దారి దొరకలేదు. ఈ లెక్కయు ఆ గోడమీద నుండవలెను.

ఆక్షేపణలు కలవు, వానిని దాటిపోను.

“ముందు మరుగుదొడ్డి, మంచినీరు, కూర్చుండుటకు బల్ల చూడుము, తర్వాత చరిత్ర” అందురు. నేనును అదియే యందును. పసిబిడ్డతో వచ్చిన తల్లికి చాటైన గది లేని స్టేషనులో ప్రదర్శనశాల పెట్టుట సిగ్గుచేటు. కాని ఈ రెండింటికిని వైరము లేదు. స్త్రీల గదికి చోటు లేదనువారు, తినుబండారముల దుకాణములకు అద్దెల నిమిత్తము చోటు వెదకుటలో నెన్నడును ఓడలేదు. చోటు కొరత యెప్పుడును ఉచితమైన పనులకే వచ్చుట చిత్రము.

“డబ్బెక్కడిది?” అందురు. పడగొట్టుటకు డబ్బు దొరకినది. మరల గట్టుటకు దొరకినది. ఉన్నగోడను నిలుపుట ఆ రెండింటికన్న తక్కువ వ్యయమా యెక్కువ వ్యయమా యని ప్రతి స్టేషనుకు లెక్కగట్టి, ఆ లెక్కను పనికి ముందుగా ప్రజలయెదుట పెట్టవలెను. 1883లో లెక్క యడిగినవానిని దేశమునుండి వెడలగొట్టిరి. ఇప్పుడట్టి భయము లేదు గదా. అడుగుటకు మనకేమి యడ్డము?

“ఇది నైజాముయొక్క, తెల్లవారియొక్క గురుతు, మన బానిసత్వమును మనమేల కాపాడవలెను?” అని మరికొందరందురు. ఆ గోడకు డబ్బు పన్నుగా కట్టినవాడు మన తాత; రాయి మోసినవాడు మన తాత; దానిక్రింద నేలమీద కూర్చుండినవాడును మన తాతయే. సంతకము దొరది యైనంతమాత్రమున ఆస్తి దొరది యగునా? పారిస్ నగరములో 1900లో గట్టిన ఓర్సే స్టేషను, పొడుగైన క్రొత్తబండ్లకు ప్లాటుఫారములు చాలక, 1939నాటికి దూరపుబండ్లకు పనికిరాకపోయెను. దానిని కూల్చి హోటలు గట్టవలెనని యొక కాలమున తలచిరి. చివరకు నిలిపి, 1986లో చిత్రశాలగా తెరచిరి. నేడు దేశదేశములవారు రైలెక్కుటకు గాదు, చిత్రములు చూచుటకు ఆ స్టేషనుకు పోవుచున్నారు. మనకు అంత గొప్ప చిత్రశాల యక్కరలేదు. కాని పని మారినంతమాత్రమున కట్టడము చావనక్కరలేదను పాఠము చాలును.

“పల్లెటూరివాడు, గనికూలీ, కోయవాడు వచ్చి పుస్తకము చదువునా?” అని పెదవి విరుచువారు కడపటివారు. వీరి మాటయే నాకన్నిటికన్న బాధ కలిగించును. వాడు చదువడని చెప్పి గ్రంథాలయము పెట్టరు. గ్రంథాలయము లేనందున వాడు చదువడు. చదువనందున వీరి మాట నిజమని తేలును. ఈ చక్రమును ఒకచోట విరువవలెను. చదువురానివానికి చదివి వినిపించుట మన గ్రంథాలయోద్యమమునకు క్రొత్తగాదు. చదువుకొనిన యింటి ఆడుబిడ్డ వారమున కొక్కపూట ఆ గదికి పోయి నలుగురు పిల్లలకు కథ చదివి వినిపించినచో, అది యే ఉపన్యాసముకన్నను గొప్ప సంస్కారము.

పాఠకులైన గృహస్థులకును, గృహిణులకును నాదొక విన్నపము. ప్రభుత్వము చేయువరకు కూర్చుండవలదు. మీ యింట రైల్వేలోగాని, గనిలోగాని పనిచేసిన పెద్దలున్నచో వారిచేత చెప్పించి వ్రాసికొనుడు. పాతపెట్టెలో టిక్కెట్టు, జీతపుకాగితము, గుంపుఫోటో యున్నచో పారవేయకుడు. మీ యూరి పాత స్టేషనును పనివారు ముట్టుకొనకముందే నాలుగువైపుల ఫోటోలు తీయుడు. ఏ గది యెవరికొరకుండెనో పెద్దలనడిగి గురుతు పెట్టుడు. పిమ్మట పదిమంది సంతకములతో రైల్వేవారికి ఒక్క ప్రశ్న వ్రాయుడు: “క్రొత్త పటములో ప్రజల గది యెక్కడ?” సమాధానము రానిచో మరల వ్రాయుడు. అడిగినవారు పదిమందియైనను, అడిగిరనుట దస్తరములో నుండును.

క్రొత్తదారి పడినపిమ్మట ఒకనాడు చర్ల పిల్లవాడు భద్రాచలముననే రైలెక్కును. ఆ బండి కొత్తగూడెములో ఆగినప్పుడు, “ఇచ్చట ‘భద్రాచలం రోడ్’ అని యేల వ్రాసిరి?” యని వాడడుగును. వానికి సమాధానము చెప్పు గది యొకటి ఆ ప్లాటుఫారముమీద నుండవలెను. ఆ గది యుండునో, దానిచోట మరియొక దుకాణముండునో నిర్ణయించునది నేడు మనము మాటలాడుటయు, మాటలాడకుండుటయు.